శుభ్రంగా ఉన్న పక్క

శుక్రవారం మధ్యాహ్నం పాత మోటారు సైకిలు లారీ దిగేసరికి పడమటి గాలి ఫ్యాక్టరీ ఆవరణలో ఖాళీ అట్టపెట్టెల్ని తరుముతోంది. ఫిబ్రవరిలో హమమత్సు పట్నానికి ఈ గాలి కొత్త కాదు. మొదలైందంటే పది రోజులు వదలదు, మనిషిని ఒకచోట నిలవనివ్వదు. తెరాదా మిజుహో మాత్రం పొద్దుటి నుంచి గాలి లేని గదిలో కూడా నిలవలేకపోతోంది. సోమవారం పదింటికి ఆఖరి పరిశీలన. అభివృద్ధి విభాగానికి పెద్ద అయిన ఒనోదా గారు కాగితం మీద ఎర్ర ముద్ర వేస్తే కొత్త బండి పెట్రోలు ట్యాంకు అచ్చులకి ఆర్డరు వెళ్ళిపోతుంది. ఉక్కులో అచ్చు దిగాక వెంట్రుకవాసి కూడా మార్చడానికి వీలుండదు.

ఆ ట్యాంకు మిజుహోది. ముప్ఫై ఒక్క ఏళ్ళకి, కమలా తోటలు పెంచుకునే ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషికి, పట్టికలో బాధ్యుల పేరు రాసే గడిలో సొంత పేరు రావడం చిన్న సంగతి కాదు.

యాభై ఏళ్ళ కింద ఆ కంపెనీ ఒక పందెపు బండి చేసింది. గుండ్రటి దీపం, రెండు గుండ్రటి మీటర్లు, కిందికి వంగిన హ్యాండిల్, వెనక చిన్న మూపురంలా లేచిన సీటు. ఇప్పుడు అదే ముఖంతో కొత్త బండి తేవాలి. లోపల ఏడు వందల నలభై నాలుగు సీసీల రెండు సిలిండర్ల ఇంజిన్, డెబ్భై నాలుగు గుర్రాల బలం. నీటితో చల్లబడే ఇంజినే అయినా పాతదానికున్నట్టు సిలిండర్ల మీద రేకుల వరసలు పెట్టారు. అవి చల్లబరిచేది ఇంజిన్ని కాదు, చూసేవాళ్ళ కళ్ళని. బరువు నూట తొంభై ఎనిమిది కిలోలు. ట్యాంకు పదిహేను లీటర్లు. ఇవన్నీ రాసిన పట్టికని మిజుహో నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని తిరుగుతుంది. మడతల దగ్గర కాగితం చిరుగు పట్టింది. అంకెల పక్కన ఎర్ర సిరాతో ఆమె చేసిన దిద్దుబాట్లు ఉన్నాయి.

పాత బండి నమూనా పటాలు కంపెనీ దగ్గర లేవు. ఆఫీసు మారినప్పుడు ఎవరో చిత్తు కాగితాలనుకుని పారేశారు. జిల్లా మొత్తం గాలిస్తే సరైన బండి ఒక్కటే దొరికింది, తెన్ర్యూ లోయలో టీ ఆకు అమ్ముకునే ఇసొగాయ్ అనే పెద్దాయన దగ్గర. రెండేళ్ళ కింద దాన్ని నాలుగు రోజులు అడిగి తెచ్చుకుని స్కాన్ తీశారు. ఇప్పుడు మళ్ళీ తెప్పించారు, సోమవారం కొత్త నమూనా పక్కన నిలబెట్టి చూపించడానికి.

"ఇదేనా ఆ మహాతల్లి?" అంటూ మురమత్సు వచ్చాడు. మట్టి నమూనాలు చెక్కడంలో ఆయనకి నలభై రెండేళ్ళ అనుభవం. మార్చి ఆఖరుకి పదవీ విరమణ. రెండేళ్ళ కింద ఈ బండి వచ్చినప్పుడు ఆయన కడుపు ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. అందుకే కొత్త ట్యాంకుని వెయ్యిసార్లు తడిమిన మనిషి పాతదాన్ని చూడటం ఇదే మొదలు.

"జాగ్రత్తండీ మురమత్సు గారూ, కుడివైపు రంగు పెచ్చులు లేస్తోంది. గుడ్డ కప్పి ఉంచమన్నారు," అంది మిజుహో.

"చెయ్యి వేస్తే అరిగిపోదులేమ్మా." ఆయన నూలు తొడుగులు వేసుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. గుడ్డ కింద నుంచి కుడి చెయ్యి, ఇవతల నుంచి ఎడమ చెయ్యి ట్యాంకు మీద పెట్టి, ఆవు పొదుగు తడిమినట్టు ముందు నుంచి వెనక్కి మెల్లగా జార్చాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి సగంలో ఆగిపోయాడు.

"తెరాదా, స్కాన్ తీసింది ఏ పక్క?"

"ఎడమవైపు. కుడివైపు స్కాన్ కోసం గుర్తుల స్టిక్కర్లు అంటిస్తే రంగు ఊడొచ్చేస్తుంది కదా. ఎడమవైపు శుభ్రంగా ఉందని..."

"దాన్నే అద్దంలో తిప్పినట్టు కుడివైపుకి కూడా పెట్టారు."

"అందరూ అలాగే చేస్తారు కదండీ."

నిజమే. నమూనాలు చెక్కే గదిలో బండిని సగమే చేస్తారు. సగం మట్టి బండిని పెద్ద అద్దానికి ఆనించి నిలబెడితే మిగతా సగం అద్దంలో కనబడుతుంది. పని సగం, మట్టి సగం.

మురమత్సు కళ్ళు తెరిచాడు. "ఈ రెండు పక్కలూ ఒక తల్లి పిల్లలు కావమ్మా. ఎడమవైపు మోకాలు ఆనే గుంట వేలెడు ముందుకుంది, లోతు కూడా ఎక్కువ. ఇది అచ్చులో పుట్టింది కాదు. ఎవరో సుత్తితో పుట్టించారు."

మిజుహో తొడుగులు వేసుకుని కళ్ళు మూసుకుంది. ఎడమ అరచెయ్యి లోతులోకి దిగినప్పుడు కుడి అరచెయ్యి ఇంకా చదును మీదే ఉంది. కళ్ళు తెరవబుద్ధి కాలేదు.

"ఎవరికీ చెప్పకండి, నేను కనుక్కునేదాకా," అంది.

"నేనెవరికి చెప్తాను? నా చేతికి ఇంకో ఐదు వారాలే ఉద్యోగం," అన్నాడాయన.

*

శనివారం పొద్దున్నే ఎర్ర రైలెక్కి, చివరి స్టేషన్లో దిగి ఒంటి పెట్టె రైలు మారి, మిజుహో తెన్ర్యూ లోయకి వెళ్ళింది. దారంతా జేబులో పట్టికని వేలితో తాకుతూనే ఉంది.

ఇసొగాయ్ కొట్టు నిండా వేయించిన టీ ఆకు వాసన. ఆయనకి డెబ్భై ఏడేళ్ళు. అరుగు మీద ఎడమ కాలు బారజాపుకుని కూర్చున్నాడు.

"ఏం అమ్మాయ్, బండికేమైనా చేశారా?"

"లేదండీ, క్షేమంగా ఉంది. చిన్న సందేహం. ట్యాంకుకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"తగలకేం, బ్రహ్మాండంగా తగిలింది. కొన్న రెండో ఏడు అదిగో ఆ కొండ మలుపులో పడ్డాను. ఎడమవైపు ట్యాంకు అప్పడమైపోయింది. మోకాలు కూడా." ఆయన కాలు మీద చరిచాడు. "ఇది అప్పట్నుంచి ఇంతకన్నా వంగదు. టీ తాగు, చల్లారిపోతుంది."

మిజుహో తాగలేదు. "మరి బాగు చేసిందెవరు?"

"ఓసుకా అని నా స్నేహితుడు. స్నానాల బాయిలర్లు చేసేవాడు, ఇప్పుడు లేడులే. కొత్త ట్యాంకు కొనే స్తోమత నాకెక్కడిది? వాడే రేకు సాగదీసి కొట్టాడు. నన్ను బండెక్కి కూర్చోమన్నాడు. కాలు వంగదు కదా, మడమ ఆనించి పాదం ముందుకి పెడితే తప్ప కుదరదు. 'సరే, నీ మోకాలు ఎక్కడికొస్తే గుంట అక్కడే పెడతా'నని సుద్దతో గీత గీశాడు. రంగు కూడా వాడే వేశాడు. చూశావుగా, కంపెనీ రంగు ఊడిపోయింది గానీ వాడి రంగు చెక్కు చెదరలేదు."

"ఇసొగాయ్ గారూ, రెండేళ్ళ కింద మేం అడిగాం. బండికి మార్పులేమైనా చేశారా అని."

"అడిగారు. ఇంజిన్ ముట్టుకోలేదు, పొగగొట్టం మార్చలేదు అన్నాను. దెబ్బ తగిలితే బాగు చేయించుకోవడం మార్పెలా అవుతుందమ్మా? నా కాలికి కట్టు కట్టినవాడు నన్ను మార్చాడా?"

ఆయన మిజుహో ముఖం చూశాడు, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.

"కొంపదీసి మీ కొత్త బండ్లన్నిటికీ..."

"అవునండీ."

"రెండు పక్కలా?"

"రెండు పక్కలా."

"అయితే ఊరూరా జనం నా కుంటికాలు వేసుకుని తిరుగుతారన్నమాట." కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. మిజుహో నవ్వకపోయేసరికి నవ్వాపి, గ్లాసు ఆమె ముందుకి జరిపాడు. "నా వల్ల నీకేమైనా ఇబ్బందా?"

"మీ వల్ల కాదండీ," అంది. ఈసారి టీ ఒక్క గుక్కలో తాగేసింది. చల్లారిపోయి చేదుగా ఉంది.

తిరుగు రైల్లో పట్టిక విప్పి ఒళ్ళో పరుచుకుంది. ఎర్ర దిద్దుబాట్లు ఒక్కొక్కటే ఇప్పుడు నోరు విప్పాయి. కిందటేడు నడిచే నమూనా తయారైనప్పుడు టెస్ట్ రైడర్ సుగనుమా రాసిన మొదటి నివేదికలో ఒక వాక్యం ఉంది: "గంట దాటాక మోకాళ్ళు చోటు వెతుక్కుంటున్నాయి." గుంట తప్పని ఎవరికీ తోచలేదు. యాభై ఏళ్ళ నాటి గుంట కదా! ఒనోదా గారు దాన్ని నిమిరి, "పాతవాళ్ళకి మోకాలంటే ఏమిటో తెలుసు," అన్నారు కూడా. అందుకని సీటుని పన్నెండు మిల్లీమీటర్లు ముందుకి జరిపారు. మోకాళ్ళు చాలినంత లేవలేదని కాలు పెట్టే కడ్డీలు ఎనిమిది మిల్లీమీటర్లు పైకెత్తారు. ముందుకి జరిగిన మనిషి బరువు మణికట్ల మీద పడిందని హ్యాండిల్ పదిహేను లేపారు. హ్యాండిల్ లేస్తే మీటర్లు లేచాయి. మీటర్లు లేస్తే దీపం పది లేచింది. పాత బండి తల వంచుకుని పరిగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టుండేది. కొత్తది తలెత్తి ఎవరినో దారి అడుగుతున్నట్టుంది. అది చూసి అందరూ ఏదో తేడా అన్నారు. ఆ తేడా ఏమిటో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేకపోయారు.

వంకర కాలికి చెప్పు కుట్టి, ఆ చెప్పు కోసం మంచి కాళ్ళన్నీ వంచుతూ వచ్చారు. వంచింది ఆమె చెయ్యే.

వాళ్ళ నాన్న కమలాలు ఏరేటప్పుడు చిన్నప్పటి నుంచి ఒకే మాట చెప్పేవాడు: నిగనిగలాడే పండుని రెండోసారి తిప్పి చూడు. ఇన్ని చదువులు చదివి ఆ ఒక్క పనీ చెయ్యలేదు.

*

ఆదివారం ఇంట్లో కాలు గాలిన పిల్లిలా తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ వెనక గ్యోజా కొట్టుకి వెళ్ళింది. సెలవు రోజు సుగనుమా అక్కడే తింటాడని అందరికీ తెలుసు. కజ్జికాయల్లా మాంసం కూరి, గుండ్రంగా పేర్చి వేయించిన గ్యోజాలు, మధ్యలో మొలకల కుప్ప. ముందు పళ్ళెం పెట్టుకుని ఒక్కడే కూర్చున్నాడు. నలభై ఆరేళ్ళవాడు, ఎండకీ గాలికీ ముఖం తోలులా తయారైంది.

"రా తెరాదా. ముద్ర పడకముందే ఆకలేసిందా? నాది తినకు, నీది నువ్వు చెప్పుకో."

ఆమె నిలబడే మొత్తం చెప్పేసింది. అతను నములుతూ విన్నాడు.

"అంటే నా కాళ్ళు వంకర కాదన్నమాట," అన్నాడు.

"క్షమించండి."

"మీటింగులో ఎవరో అన్నారు చూడు, సుగనుమా దొడ్డికాళ్ళతో బండిని కొలవకూడదని. మా ఆవిడకి చెప్తే వారం రోజులు నవ్వింది."

"అన్నది నేనే."

"తెలుసు. అందుకే చెప్తున్నా." ఇంకో గ్యోజా పుల్లలతో పట్టుకుని, తినకుండా మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. "ఇప్పుడేం చేస్తావ్?"

"చెప్తే అచ్చులు ఆగిపోతాయి. వసంతం ప్రదర్శనలో మా చోటు స్కూటర్ విభాగం వాళ్ళకి పోతుంది. గడువు తప్పితే ట్యాంకు ఇంకొకరికి ఇస్తానని ఒనోదా గారు ముందే చెప్పారు."

"చెప్పకపోతే?"

"ఎవరికీ తెలీదు. మురమత్సు గారు చెప్పరు. ఆ పెద్దాయనైతే నవ్వుకుని వదిలేశారు."

"నాకు తెలిసిపోయిందిగా."

"మీరు చెప్పేస్తారా?"

"నేనెందుకు చెప్తాను? నాకిచ్చిన బండి తోలతాను, మోకాళ్ళు చోటు వెతుక్కుంటున్నాయని రాస్తాను. పోయినసారీ అదే రాశా, వచ్చేసారీ అదే రాస్తా. చదవాల్సింది మీరు." పక్క కుర్చీని కాలితో ఇవతలికి లాగాడు. "కూర్చో, నిన్ను చూస్తుంటే నాకు తిన్నది అరగట్లేదు."

ఆమె కూర్చోలేదు. బయటికి వచ్చి గాలికి ఎదురుగా స్టేషన్ దాకా నడిచింది, మళ్ళీ వెనక్కి నడిచింది.

*

సోమవారం పదింటికి నమూనాల గదిలో తొమ్మిది మంది ఉన్నారు. మధ్యలో కొత్త బండి, ఇటు పాత బండి. గోడకి ప్రకటన కాగితం అంటించారు: "యాభై ఏళ్ళ నాటి గీత, చెక్కు చెదరకుండా." ఒనోదా గారు ముద్ర డబ్బీ ముందే తీసి బల్ల మీద పెట్టుకున్నారు. ఆయనకి సుత్తి మాటలు నచ్చవు.

"తెరాదా, మొదలుపెట్టు. పాతదానితో పోల్చి చెప్పు చాలు."

మిజుహో మాటలన్నీ రాసుకుని వచ్చింది. ఆ కాగితం చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"అయ్యా, ముందు మీరొక పని చెయ్యాలి. ఈ తొడుగులు వేసుకుని, కళ్ళు మూసుకుని, పాత ట్యాంకు మీద రెండు చేతులూ పెట్టండి."

గదిలో ఎవరో దగ్గారు. ఒనోదా గారు ఆమెని చూశారు, గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మురమత్సుని చూశారు. మురమత్సు నేల చూస్తున్నాడు. ఒనోదా గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి లేచారు.

ఆయన చేతులు ట్యాంకు మీద జారినంతసేపు కిటికీ రేకులు గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉన్నాయి. సగంలో, సరిగ్గా మురమత్సు ఆగినచోటే చేతులు ఆగాయి.

కళ్ళు మూసుకునే అడిగారు. "ఏది నిజం?"

"కుడివైపు. ఎడమవైపు ఒక పడిపోయిన బండికి, వంగని మోకాలికి ఒక స్నేహితుడు కొట్టిన రేకు. మేం స్కాన్ తీసింది దాన్నే. శుభ్రంగా ఉన్న పక్క అదేనని ఎంచుకున్నది నేను. సుగనుమా గారు చెప్పినా వినకుండా సీటు, కడ్డీలు, హ్యాండిల్, దీపం దాని కోసమే జరిపింది కూడా నేను." పట్టిక తీసి, మడతలు విప్పి బల్ల మీద పెట్టింది. "ఎర్ర సిరా ఉన్నవన్నీ తప్పే."

ఒనోదా గారు కళ్ళు తెరిచి, కళ్ళద్దాలు పెట్టుకుని, పట్టికని ఎర్ర సిరా వెంట చివరిదాకా చదివారు.

"రెండేళ్ళు ఒక మోకాలిని పొగిడాను," అన్నారు చివరికి. "ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఏడు వారాలు. నమూనాకి ఐదు, పటాలకి రెండు."

"ప్రదర్శన పోతుంది. అచ్చుల వాళ్ళు మనకోసం ఖాళీ పెట్టుకున్న రోజులు స్కూటర్ వాళ్ళకి ఇవ్వాలి. తెలుసుగా?"

"తెలుసండీ."

"ముందే చెప్పిన మాట నేను తప్పను. ట్యాంకు బాధ్యత ఇవాళ్టి నుంచి నీది కాదు. నా పేరు రాయండి." ముద్ర డబ్బీ మూత పెట్టారు. ఆ చప్పుడు గదంతా వినిపించింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "పేరు నాదన్నాను. పని ఎవరు చేస్తారనుకుంటున్నావ్? నాకు మట్టి గీకడం రాదు."

అందరూ వెళ్ళాక చూస్తే మురమత్సు అప్పటికే గీకుడు రేకు తీసి, మట్టి నమూనా మీద గుంటలో మొదటి గీత పెట్టేశాడు.

"అద్దం పక్కకి తీసెయ్యమ్మా," అన్నాడు. "ఈసారి రెండు పక్కలూ చెక్కుదాం. నాకు పని ఎక్కువైతే ఇంటిదగ్గర మా ఆవిడకి పని తగ్గుతుంది."

*

పాత ట్యాంకు కుడివైపు రంగు మీద ఒక్క స్టిక్కర్ కూడా అంటించకుండా, పలచటి అట్టముక్కలు ఆ వంపుకి సరిపోయేలా కత్తిరించుకుంటూ కొలిచారు. ఇసొగాయ్ ఒకసారి టీ ఆకు పొట్లం పట్టుకుని చూడటానికొచ్చాడు. కొత్త మట్టి ట్యాంకు పక్కన నిలబడి మోకాలు ఆనించి చూసుకుని, "నాకు పట్టదిది," అని గర్వంగా చెప్పి వెళ్ళాడు. గుంట వెనక్కి వెళ్ళేసరికి సీటు వెనక్కి వెళ్ళింది, కడ్డీలు దిగాయి, హ్యాండిల్ దిగింది, దీపం దిగింది. ట్యాంకులో పదిహేను లీటర్లకి ఇంకో అర లీటరు చేరింది. మిజుహో కొత్త పట్టిక రాసుకుంది. బాధ్యుల గడిలో ఒనోదా పేరు రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది గానీ, అక్షరాలు మాత్రం తిన్నగానే వచ్చాయి.

మార్చి ఆఖరి శుక్రవారం, మురమత్సు ఉద్యోగానికి ఆఖరి రోజు, గట్టిపరిచిన నమూనా ట్యాంకుని నడిచే బండికి బిగించారు. సుగనుమా పొద్దున్న తొమ్మిదింటికి బయల్దేరాడు. ఊరి పక్క సరస్సు చుట్టూ తిరిగి రావడానికి గంటన్నర. మిజుహో ఆవరణలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతోంది. పదకొండు దాటింది, రాలేదు. పదకొండున్నర అయింది. మురమత్సు మెట్టు మీద కూర్చుని కమలాపండు ఒలుచుకుంటూ, "అరిగిపోతుందమ్మా నేల," అన్నాడు.

పన్నెండుకి పది నిమిషాలుందనగా బండి గేటులోంచి వచ్చింది. తల వంచుకుని వచ్చింది. ఇంజిన్ ఆపాక కూడా సుగనుమా దిగలేదు. హెల్మెట్ మాత్రం తీసి ట్యాంకు మీద పెట్టుకున్నాడు.

"ఏమైంది? ఎక్కడైనా ఆగిపోయిందా?"

"ఆగలేదు. ఇంకో చుట్టు తిరిగొచ్చాను."

"మోకాళ్ళు?"

అతను జేబులోంచి నివేదిక కాగితం తీసి ఇచ్చాడు. తేదీ, దూరం, తన పేరు రాశాడు. కింద అంతా ఖాళీ.

"ఏమీ రాయలేదేం?" అంది మిజుహో.

"రాయడానికేముంది?" సుగనుమా కిందికి చూసుకున్నాడు. రెండు మోకాళ్ళూ గుంటల్లో కదలకుండా ఉన్నాయి. "ఇవి కుదురుకున్నాయి. ఇక నువ్వు కూడా ఆ తిరగడం ఆపి కాసేపు నిలబడు."

మిజుహో నిలబడింది. మురమత్సు కమలాపండులో సగం ఆమె చేతిలో పెట్టాడు.